పెట్టుబడి నిధికి స్థిర మూలధన కంపెనీ రూపం: వర్తకులకు ఒక పాఠం

పత్తి సీజను ముగింపుకు వచ్చి జమ్మికుంట, పెద్దపల్లి, ఆదిలాబాదు, భైంసా యార్డులలో రాబడులు పలచబడే రోజులలో వర్తకుల చేతికి పైకం తిరిగి వస్తుంది. మెట్‌పల్లి, జగిత్యాల వైపు పసుపు ఖరీదుదారులకు ఆ రోజులు కాస్త ఆలస్యంగా వస్తాయి. మళ్లీ దసరా దాటి కొత్త పత్తి యార్డుకు వచ్చేదాకా ఆ సొమ్ముకు ఏదో ఒక పని కల్పించాలి. కొందరు వడ్డీకి తిప్పుతారు, కొందరు చిట్టీలు పాడతారు, మరికొందరు ప్లాట్లు కొంటారు. పది మంది అడ్తిదారులు ఒకచోట కూర్చున్నప్పుడు ఇంకొక మాట కూడా తరచు వినవస్తుంది. తలా ఇంత వేసుకుని ఒక నిధిగా పెట్టి, దానితో గోదాములు కట్టి, జిన్నింగు మిల్లులలో వాటాలు, పేరున్న కంపెనీల షేర్లు కొంటే ఎట్లా ఉంటుందన్నదే ఆ మాట.

ఆలోచన మంచిదే. అయితే ఆ నిధికి ఏ రూపం ఇవ్వాలన్న ప్రశ్నను చాలామంది ఆడిటరుకు వదిలేసి ఊరుకుంటారు. పది లక్షలు వేసిన మనిషికి తనకు అవసరపడిన నెలలో ఆ సొమ్ము దొరుకుతుందా, దొరికితే పూర్తిగా దొరుకుతుందా అన్నది ఆ రూపాన్ని బట్టే ఉంటుంది. కనుక ఈ నిర్ణయం డబ్బు వేసేవారే చేయవలసినది.

కదిలే మూలధనం, కదలని మూలధనం

ఉమ్మడి నిధులు స్థూలంగా రెండు తరగతులు. మొదటి దానిలో సభ్యుడు చేరితే మూలధనం పెరుగుతుంది, వైదొలగితే తరుగుతుంది. వెళ్లేవానికి నిధియే డబ్బు చెల్లిస్తుంది. సహకార సంఘం ఈ తరగతికి చెందినది. పాత కరీంనగర్ జిల్లాలో 1956లో ఏర్పడిన ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సంఘం ఈ ప్రాంతంలో అందరూ ఎరిగిన ఉదాహరణ. రైతు వాటాధనం కట్టి సహకార సంఘంలో చేరుతాడు. నియమాల ప్రకారం వైదొలగినప్పుడు ఆ వాటాధనం సంఘమే తిరిగి ఇస్తుంది. 1964లో మొదలైన యూనిట్ ట్రస్టు యూనిట్ పథకం, నేటి ఓపెన్ ఎండ్ మ్యూచువల్ ఫండ్లు కూడా ఈ కోవలోనివే.

రెండవది స్థిర మూలధన కంపెనీ. ఫ్రాన్సు, ఇటలీ దేశాల చట్టాలలో ఒక రకం పెట్టుబడి కంపెనీకి అచ్చంగా ఈ పేరే ఉన్నది. మన చట్టంలో ఆ పేరు లేకపోయినా, వాటాలతో ఏర్పడిన కంపెనీ స్వభావం అదే. ఎన్ని వాటాలు జారీ అయితే అన్నే ఉంటాయి. వాటాదారుకు కంపెనీ వద్దకు వెళ్లి తన డబ్బు తనకు ఇమ్మని అడిగే హక్కు లేదు. కావాలంటే తన వాటాను మరొకరికి అమ్ముకోవచ్చును. వాటా చేతులు మారుతుంది గాని కంపెనీ గల్లాపెట్టె తెరుచుకోదు.

లెక్కతో చూస్తే తేడా తేటపడుతుంది. జమ్మికుంటలో 30 మంది వర్తకులు తలా 10 లక్షలు వేశారనుకుందాం. మొత్తం 3 కోట్లు. 10 రూపాయల వాటాలు 30 లక్షలు, మనిషికి ఒక లక్ష వాటాలు. మూడేళ్ల తరువాత కంపెనీ ఆస్తుల పట్టీ ఇట్లా ఉన్నదనుకుందాం: స్థలము, గోదాము 2 కోట్ల 40 లక్షలు, రావలసిన బాకీలు 50 లక్షలు, బ్యాంకులో రొక్కం 70 లక్షలు. మొత్తం 3 కోట్ల 60 లక్షలు. ఇవ్వవలసిన అప్పులు 30 లక్షలు తీసివేస్తే నికరం 3 కోట్ల 30 లక్షలు. అంటే వాటా ఒక్కింటి నికర విలువ 11 రూపాయలు.

ఇప్పుడు ఒక సభ్యునికి ఇంట్లో పెండ్లి వచ్చింది, లేదా పత్తి మందీలో దెబ్బ తగిలింది. అతనికి డబ్బు కావాలి. నిధి మొదటి తరగతిదైతే అతనికి 11 లక్షలు చెల్లించి పంపుతుంది. అటువంటివారు ఐదుగురైతే 55 లక్షలు. బ్యాంకులోని 70 లక్షలలో సరిపోతుంది. ఏడుగురైతే 77 లక్షలు. అప్పుడు గోదాము అమ్మకానికి పెట్టవలసిందే. మార్కెట్టు పడిపోయిన సంవత్సరంలోనే అందరికీ ఒకేసారి డబ్బు అవసరపడుతుందని వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు. అదే సంవత్సరం గోదాముకు మంచి ధర పలకదు కూడా.

స్థిర మూలధన కంపెనీలో ఆ బెడద లేదు. ఏడుగురు కాదు, పదిహేడుగురు వెళ్లదలచినా గోదాము గోదాముగానే నిలుస్తుంది. అయితే వెళ్లేవాడు కొనేవాణ్ణి వెతుక్కోవాలి. ఉన్న 29 మందిలో ఎవరో ఒకరు "8 రూపాయలకైతే తీసుకుంటాను" అంటారు. 11 రూపాయల సరుకు 8 రూపాయలకు పోయింది. నూటికి 27 వంతుల కోత. కంపెనీ భద్రంగా నిలిచినందుకు ఖరీదును వెళ్లేవాడు చెల్లించాడన్న మాట.

ఈ కోత ఊహాజనితం కాదు. 1994 జనవరిలో మోర్గాన్ స్టాన్లీ గ్రోత్ ఫండ్ 15 ఏళ్ల స్థిర కాలపు పథకంగా వచ్చినప్పుడు దరఖాస్తు ఫారాల కోసం నగరాలలో జనం బారులు తీరారు. 10 రూపాయల యూనిట్ ఎక్స్ఛేంజిలో నమోదయిన తరువాత ఏళ్ల తరబడి నికర విలువకంటె బాగా తక్కువకే పలికింది. వేచి ఉండలేక అమ్మినవారు నష్టపోయారు. అదే తక్కువ ధరకు కొని గడువు దాకా ఓపిక పట్టినవారు లాభపడ్డారు.

అవతలి పక్క పాఠం కూడా ఉన్నది. యూనిట్ ట్రస్టువారి 1964 పథకం ఎప్పుడు అడిగితే అప్పుడు ప్రకటిత ధరకు యూనిట్లను తిరిగి కొంటామని మాట ఇచ్చిన నిధి. చిన్న పట్టణాలలో ఉద్యోగులు, వర్తకులు ఇంటి బంగారంతో సమంగా దాచుకున్న యూనిట్లు అవి. షేర్ల విలువలు పడి, ప్రకటిత ధరకు ఆస్తుల విలువకు పొంతన తప్పింది. 2001 జులైలో అమ్మకాలు, తిరిగి కొనుగోళ్లు రెండూ ఆపివేయవలసి వచ్చింది. ఆగస్టు నుంచి ఒక్కొక్కరికి 3000 యూనిట్ల వరకే 10 రూపాయల చొప్పున మొదలుపెట్టి చెల్లింపులు తెరిచారు. అడిగినప్పుడల్లా ఇస్తామన్న వాగ్దానం, అడగనంతకాలమే నిలిచే వాగ్దానం కావచ్చును.

కంపెనీ రూపం ఎందుకు వచ్చింది

1868లో లండనులో ఫారిన్ అండ్ కొలోనియల్ గవర్నమెంట్ ట్రస్ట్ ఏర్పడింది. చిన్న మదుపుదారుల సొమ్మును కలిపి పలు ప్రభుత్వాల బాండ్లలో పెట్టిన తొలి నిధులలో అది ముఖ్యమైనది. పేరుకు తగినట్టే అది ట్రస్టు. 1879లో సైక్స్, బీడన్ వ్యాజ్యంలో సర్ జార్జి జెసెల్ ఇచ్చిన తీర్పుతో ఆ రూపానికే ముప్పు వచ్చింది. ఇరవై మందికి మించి లాభం కోసం కూడినవారు కంపెనీగా రిజిస్టరు కాకపోతే ఆ కూటమి చట్టవిరుద్ధమని ఆయన అన్నారు. ఫారిన్ అండ్ కొలోనియల్ వారు అదే సంవత్సరం కంపెనీగా మారిపోయారు. మరుసటి ఏడు పై కోర్టు ఆ అభిప్రాయాన్ని త్రోసివేసింది. కాని మారినవారు వెనక్కి రాలేదు.

లండను కథ కరీంనగరానికి ఎందుకంటే, ఆ ఇరవై మంది నియమం మన చట్టంలో ఇంకొక సంఖ్యతో ఉన్నది. 1956 కంపెనీల చట్టంలో అది 20 మంది. 2013 చట్టం 464వ సెక్షను, దాని కింద 2014లో చేసిన నియమాల ప్రకారం 50 మంది. లాభాపేక్షతో ఇంతకు మించి కూడి, ఏ చట్టం కిందా రిజిస్టరు కాకుండా వ్యాపారం చేస్తే అది నేరం. కూటమిలోని ప్రతి ఒక్కరూ అప్పులకు సొంత ఆస్తితో బాధ్యులవుతారు. నమ్మకం మీద, ఒక నోటు పుస్తకం మీద 60, 70 మంది డబ్బు వేసి నడుపుకొనే జట్టులకు ఈ సంగతి తెలిసి ఉండదు.

ఉత్తర తెలంగాణకు కదలని నిధి కొత్త సంగతి కాదు. 1929లో నిజాం ప్రభుత్వం కోటి రూపాయలతో ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండును నెలకొల్పింది. సంస్థానంలోని పరిశ్రమల షేర్లు కొనడం, వాటికి పెట్టుబడి సమకూర్చడం దాని పని. బోధన్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీకి, ఆదిలాబాదు అడవుల అంచున వెలసిన సిర్పూర్ పేపర్ మిల్లుకు దాని డబ్బు చేరింది. అది ట్రస్టే గాని కంపెనీ కాదు. అయినా దాని మూలధనాన్ని మధ్యలో వెనక్కి అడిగేవారు లేరు. ఆ వెసులుబాటు లేకపోతే కాగితపు మిల్లు వంటిది నిలిచేది కాదు. 1938లో స్థాపించిన సిర్పూర్ మిల్లులో 1942కు గాని ఉత్పత్తి మొదలు కాలేదు. నాలుగేళ్లు పైసా రాబడి లేని చోట సీజను పైకం పెట్టే వర్తకుడెవడు? అదే మిల్లు 2014లో ఆగిపోయి, 2018లో దివాలా ప్రక్రియ ద్వారా జె.కె. పేపర్ చేతికి వెళ్లింది. దివాలాలో అప్పులవారి వంతు ముందు, వాటాదారుల వంతు అన్నిటికంటె చివర. నిధి ఏ కంపెనీ వాటాలు కొన్నా ఆ వరుసలో చివరన నిలుచుంటుందని గుర్తుంచుకోవాలి.

ఇంతకంటె పాతది, చేదు రుచి కలది ఇంకొకటి. సింగరేణి కంపెనీకి మాతృక అయిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ 1886లో లండనులో ఏర్పడింది. మూలధనం పది లక్షల పౌండ్లు. 10 పౌండ్ల వాటాలు ఒక లక్ష. అందులో 85,000 వాటాలు రొక్కం చెల్లించకుండానే, గనుల హక్కును సంపాదించిపెట్టినందుకు ప్రతిఫలంగా ఆ హక్కుదారుల పేర వ్రాసుకున్నారు. డబ్బు రావలసినది మిగిలిన 15,000 వాటాల మీదనే. ఆ వాటాలలో కొన్నిటిని ఎక్కువ ధరకు నిజాం ప్రభుత్వం చేతనే కొనిపించారన్న గొడవ ముదిరి, 1888లో బ్రిటిష్ పార్లమెంటు సెలక్టు కమిటీ విచారణ దాకా వెళ్లింది. తరువాతి కాలంలో బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం గనులతో ఈ ప్రాంతానికి అన్నం పెట్టిన కంపెనీయే అయినా పుట్టుక మాత్రం అట్లా జరిగింది.

స్థిర మూలధనంలో వాటాల సంఖ్య మొదటి రోజే బిగుసుకుపోతుంది. ఆ రోజు ఎవరు ఏమి తెచ్చి ఎన్ని వాటాలు తీసుకున్నారన్నది కంపెనీ ఉన్నంతకాలం వెంటాడుతుంది. నేడు ఇదే ఆట చిన్న ఎత్తున జరుగుతుంది. ఒక సభ్యుడు రొక్కానికి బదులు తన పాత గోదామును కంపెనీకి ఇచ్చి వాటాలు తీసుకుంటానంటాడు. గోదాము విలువ 40 లక్షలో 70 లక్షలో అతడే చెబుతాడు. స్నేహం కొద్దీ మిగతావారు తల ఊపుతారు. అట్లా తల ఊపినవారు 30 లక్షలు అతనికి ఉచితంగా ఇచ్చినట్టే. రొక్కం కాని దేనికైనా వాటాలు ఇచ్చేటప్పుడు రిజిస్టర్డు వాల్యూయరు నివేదిక తప్పనిసరి చేసుకోవాలి, ఆ వాల్యూయరును గోదాము యజమాని కాక మిగతావారు ఎంపిక చేయాలి.

ఏర్పాటు ఎట్లా

ప్రైవేటు లిమిటెడు కంపెనీకి కనీసం ఇద్దరు సభ్యులు, ఇద్దరు డైరెక్టర్లు కావాలి. సభ్యులు 200 మందికి మించరాదు. పాత చట్టంలో ఇది 50 మాత్రమే. పేరు, మెమొరాండం, నియమావళి కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో దాఖలు చేస్తే రిజిస్ట్రేషన్ పెద్ద చిక్కు కాదు. ఆడిటరు కొద్ది రోజులలో ముగిస్తాడు. కష్టం అక్కడ లేదు.

మొదటి కష్టం రిజర్వు బ్యాంకు. ఒక కంపెనీ ఆస్తులలో సగానికి మించి షేర్లు, అప్పులు వంటి ఆర్థిక ఆస్తులై, రాబడిలో కూడా సగానికి మించి వాటి మీద వచ్చినదైతే అది బ్యాంకేతర ఆర్థిక సంస్థ కిందికి వస్తుంది. 1997లో రిజర్వు బ్యాంకు చట్టంలో చేర్చిన 45-ఐఏ సెక్షను ప్రకారం అట్టి సంస్థకు రిజిస్ట్రేషన్ కావాలి. 2022 అక్టోబరు నుంచి కొత్తగా వచ్చేవారు సాధారణంగా 10 కోట్ల నికర సొంత నిధి చూపాలి. 3 కోట్ల జమ్మికుంట కంపెనీకి అది అందని మాట. బయటివారి సొమ్ము తాకని సంస్థల విషయంలో రిజర్వు బ్యాంకు కొన్ని సడలింపులు ఇస్తూ వస్తున్నది. వాటి తాజా ఉత్తర్వు చూసుకోకుండా అడుగు వేయరాదు.

అయితే ఇదే నియమం దారి కూడా చూపుతుంది. ఆస్తులలో పెద్ద భాగం స్థలం, గోదాము, యంత్రాలు అయి, రాబడి ప్రధానంగా అద్దెలు, నిల్వ చార్జీల రూపంలో వస్తే కంపెనీ ఆర్థిక సంస్థ కాదు. షేర్లు కొనుక్కోవచ్చు, కాని సగం గీత దాటకుండా. గోదామును 2007 చట్టం కింద వేర్‌హౌసింగ్ అథారిటీ వద్ద నమోదు చేయిస్తే, అది ఇచ్చే రసీదుల మీద సరుకుదారులు బ్యాంకు రుణం పొందవచ్చు. అప్పుడు కంపెనీకి నిల్వ చార్జీలు, వర్తకునికి సీజను పెట్టుబడి. రెండు పనులు ఒకే కప్పు కింద జరుగుతాయి. గోదాము అమ్మి ఆ డబ్బు షేర్లలో పెట్టిన సంవత్సరం మాత్రం మార్చి 31 నాటి పట్టీలో కంపెనీ స్వరూపమే మారిపోతుంది. ఇది చూసుకోక నోటీసు వచ్చాక పరుగులు పెట్టడం తగదు.

పూర్తిగా షేర్ల నిధియే కావాలంటే సెబీ 2012 నియమాల కింద ఆల్టర్నేటివ్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ ఉన్నది. దానిని ట్రస్టుగా గాని, కంపెనీగా గాని, పరిమిత బాధ్యత భాగస్వామ్యంగా గాని పెట్టవచ్చు. ఆచరణలో ఎక్కువమంది ట్రస్టునే ఎంచుకుంటారు. మొదటి రెండు కేటగిరీలు విధిగా స్థిర కాలపువే, కనీసం మూడేళ్లు. కాని పథకానికి కనీస నిధి 20 కోట్లు, మదుపుదారు ఒక్కొక్కరు సాధారణంగా కోటికి తగ్గరాదు. మండీ వర్తకుల స్థోమతకు ఇది సరిపడే కొలత కాదు.

రెండవ కష్టం పన్ను. భాగస్వామ్య సంస్థ లాభం మీద సెస్సుతో కలిపి 31.2 శాతం కడుతుంది. ఆపై భాగస్వామి చేతికి వచ్చిన లాభంపై మళ్లీ పన్ను లేదు. కంపెనీ 22 శాతం రేటు ఎంచుకుంటే సర్‌చార్జి, సెస్సుతో 25.17 శాతం అవుతుంది. చూడడానికి ఇదే చవక. కాని 2020 ఏప్రిల్ నుంచి డివిడెండుపై వాటాదారు కూడా పన్ను కట్టాలి. పై శ్లాబులో 31.2 శాతం కట్టేవానికి, నూరు రూపాయల లాభంలో భాగస్వామ్యమైతే 68 రూపాయల 80 పైసలు మిగులుతాయి. కంపెనీ అంతా పంచిపెడితే దాదాపు 51 రూపాయల 50 పైసలే. పంచకుండా కంపెనీలోనే ఉంచితే 74 రూపాయల 83 పైసలు మళ్లీ పనిలోకి వెళతాయి. అనగా ఏటేటా లాభం చేతికి కావాలనుకునేవారికి కంపెనీ రూపం దండుగ. పదేళ్లు తాకకుండా పెంచదలచినవారికే గిట్టుబాటు. ఈ ఒక్క లెక్క వేసుకుంటే చేరాలా వద్దా అన్నది సగం తేలిపోతుంది.

నియమావళిలో వ్రాసుకోవలసినవి

ఆడిటర్లు అచ్చువేసిన నమూనా నియమావళిని అంటించి పంపుతారు. నిధి కంపెనీకి అది చాలదు.

వాటా బదిలీ నియమం అన్నిటికంటె ముఖ్యమైనది. ప్రైవేటు కంపెనీలో వాటాను బయటివారికి అమ్మే ముందు ఉన్న సభ్యులకు చూపాలని సాధారణంగా వ్రాస్తారు. ఏ ధరకు చూపాలన్నది వ్రాయరు. తగాదాలన్నీ అక్కడే. ఏటా మార్చి లెక్కలు తేలగానే నికర విలువ కట్టి సభ్యులకు తెలియజేయాలని, వెళ్లేవాని వాటాను సభ్యులు కొనేటప్పుడు ఆ విలువలో ఇంత శాతానికి తగ్గరాదని ముందే రాసుకుంటే, పైన చెప్పిన 27 వంతుల కోత 10 వంతులకో 15 వంతులకో దిగుతుంది. సభ్యుడు మరణిస్తే వారసులకు కూడా అదే ధర. ముప్పై రోజులలో ఎవరూ కొనకపోతే బయటివారికి అమ్ముకునే స్వేచ్ఛ ఉండాలి. లేకపోతే "చూస్తాం, చేస్తాం" అంటూ ఏడాది గడిపేస్తారు.

కంపెనీయే కొంత కొనవచ్చు. 68వ సెక్షను కింద వాటాల తిరుగు కొనుగోలుకు నియమావళిలో అధికారం, ప్రత్యేక తీర్మానం ఉండాలి. చెల్లించిన మూలధనం, స్వేచ్ఛా రిజర్వులు కలిపిన మొత్తంలో 25 శాతానికి మించరాదు, ఒకసారి చేశాక ఏడాది ఆగాలి. ఇది అత్యవసర ద్వారం వంటిది, నిత్యం వాడే గుమ్మం కాదు. అంతకు మించి మూలధనం తగ్గించాలంటే కంపెనీ లా ట్రిబ్యునల్ అనుమతి కావాలి.

డైరెక్టర్లకు అప్పు సంగతి ఇంకొకటి. సీజనులో పది రోజుల కోసమని కంపెనీ పైకాన్ని డైరెక్టరు తన దుకాణానికి వాడుకోవడం మండీ అలవాటు. ఇచ్చేవానికి తీసుకునేవానికి మధ్య మాట ఉంటే చాలుననుకుంటారు. 185వ సెక్షను డైరెక్టరుకు, అతని భాగస్వామికి, బంధువుకు, వారి భాగస్వామ్య సంస్థలకు కంపెనీ అప్పివ్వడాన్ని నిషేధిస్తున్నది. కొన్ని ప్రైవేటు కంపెనీలకు షరతుల మీద మినహాయింపు ఉన్నది గాని, నిధి కంపెనీ ఆ మినహాయింపును వాడుకోబోనని నియమావళిలోనే వ్రాసుకోవడం క్షేమం. డైరెక్టర్లు అందరూ ఒకే యార్డులో ఒకే సరుకు వర్తకులైతే పత్తి పడిన సంవత్సరం అందరికీ ఒకేసారి గడ్డు రోజులు వస్తాయి. కాపలావాడు, ఆకలిగొన్నవాడు ఒక్కరే అవుతారు.

అప్పుపై హద్దు కూడా ముందే గీసుకోవాలి. 3 కోట్ల మూలధనానికి బ్యాంకు అప్పు 3 కోట్లు జోడించి 6 కోట్ల ఆస్తి కొన్నారనుకుందాం. ఆస్తి ధర నూటికి 20 పడితే 4 కోట్ల 80 లక్షలు. అప్పు పోగా మిగిలేది కోటి 80 లక్షలు. ఆస్తి 20 పడితే మూలధనం 40 పడింది. అమెరికాలో 1928 డిసెంబరులో గోల్డ్‌మన్ శాక్స్ ట్రేడింగ్ కార్పొరేషన్ అనే స్థిర మూలధన నిధి వాటా 104 డాలర్లకు అమ్ముడుపోయి, 1932 నాటికి 2 డాలర్ల లోపుకు జారింది. ఒక నిధి మరొక నిధి వాటాలు కొంటూ, అప్పు మీద అప్పు పేర్చిన రోజులవి. ఆ అనుభవంతోనే 1940లో అక్కడి చట్టం, ఇట్టి నిధులు అప్పు తెచ్చుకుంటే ప్రతి డాలరు అప్పుకు మూడు డాలర్ల ఆస్తి ఉండాలని శాసించింది. మన ప్రైవేటు కంపెనీకి అట్టి కట్టుబాటు లేదు కనుక సభ్యులే పెట్టుకోవాలి.

ఇక బయటి సభ్యేతరుల నుంచి "మా కంపెనీలో వేయండి, నూటికి ఇంత ఇస్తాం" అని డబ్బు తీసుకోవడం వేరే దారి. వాటా అయితే ఏడాదికి 200 మందికి మించి ప్రైవేటుగా ఇవ్వజూపరాదు. నిశ్చిత వడ్డీతో డిపాజిటు అయితే కంపెనీల చట్టంతో పాటు 2019 నాటి అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం ఉన్నది, జైలు శిక్షలతో సహా.

చివరిగా గడువు. కదలని నిధికి ముగింపు తేదీ లేకపోతే నికర విలువకు, అమ్మకం ధరకు మధ్య ఎడం ఎన్నటికీ పూడదు. కొనేవాడికి ఏనాటికైనా ఆస్తులు అమ్మి పంచుతారన్న నమ్మకం కుదిరినప్పుడే 8 రూపాయల బేరం 10 రూపాయలకు చేరుతుంది. అందుచేత ఎనిమిదవ ఏటనో పదవ ఏటనో కొనసాగించాలా, చాలించాలా అని సభ్యుల ఓటు పెట్టే నిబంధన మొదటి రోజే చేర్చాలి. చాలించదలిస్తే అప్పులన్నీ తీర్చగలమని డైరెక్టర్లు ప్రమాణ పత్రం ఇచ్చి, ప్రత్యేక తీర్మానంతో 2016 దివాలా స్మృతి 59వ సెక్షను కింద స్వచ్ఛంద మూసివేతకు పోవచ్చు. లిక్విడేటరు ఆస్తులు అమ్మి, బాకీలు తీర్చి, మిగిలినది వాటాల లెక్కన పంచుతాడు. అప్పులవారు ఉన్నచోట ఈ పనికి 270 రోజులు, లేనిచోట 90 రోజులు గడువుగా 2022లో నిర్ణయించారు. గోదాము అమ్మకం పత్తి సీజనుకు ముందు, కొనేవారికి నిల్వ అవసరం కనిపించే ఆగస్టు, సెప్టెంబరు నెలలలో పడేట్టు ఓటు తేదీని చూసి పెట్టుకోవడం మేలు.